నెల్లూరు నుంచి తిరుమలకు నడక: కొత్తవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ధనుర్మాసం దగ్గరపడుతుందంటే చాలు, "అన్నా, ఈసారి నేనూ నడుస్తా, ఏమేం కావాలి?" అని ఫోన్లు మొదలవుతాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెడుతున్నా. ఇది ముఖ్యంగా నెల్లూరు నుంచి గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా నడిచేవాళ్ళ కోసం. ఒంగోలు, మార్కాపురం వైపు వాళ్ళు అడిగేవి చివర్లో ఉన్నాయి. భక్తి గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు, ఇందులో ఎక్కువ భాగం కాళ్ళ గురించే.

మొత్తం ఎంత దూరం? ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

నెల్లూరు నుంచి అలిపిరికి అటూ ఇటూగా 140 కిలోమీటర్లు, ఆ పైన కొండ. నాలుగు రోజుల్లో కొట్టేసేవాళ్ళున్నారు, వాళ్ళు ఏటా నడిచేవాళ్ళు, వాళ్ళతో పోటీ పెట్టుకోకండి. మొదటిసారైతే ఆరు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు మనుబోలు, రెండో రోజు గూడూరు దాటి కొంత దూరం, మూడో రోజు నాయుడుపేట, నాలుగో రోజు శ్రీకాళహస్తి, అయిదో రోజు రేణిగుంట, ఆరో రోజు అలిపిరి చేరి మెట్లు. అందరూ చేసే పని ఏంటంటే తొలిరోజు ఊపులో గోవింద నామాలు చెప్పుకుంటూ గూడూరు దాకా, అంటే దాదాపు 38 కిలోమీటర్లు లాగించేస్తారు. ఆ సాయంత్రం అందరూ హుషారే. మర్నాడు తెల్లారి లేచి కాలు కింద పెట్టినప్పుడు తెలుస్తుంది సంగతి. నడక మానేసి బస్సెక్కేవాళ్ళలో ఎక్కువమంది రెండో రోజునో మూడో రోజు పొద్దున్నో ఎక్కుతారు, దానికి కారణం మాత్రం మొదటి రోజే పడుంటుంది. అందుకే మొదటి రెండు రోజులూ మీకు "ఇంకా నడవగలను" అనిపిస్తుండగానే ఆగిపోండి.

నేను రోజూ పొద్దున వాకింగ్ చేస్తాను, అది చాలదా?

మంచిదే కానీ చాలదు. గ్రౌండులో మట్టి మీద గంట నడవడం వేరు, తారు రోడ్డు మీద ఆరేడు గంటలు నడవడం వేరు. అసలు పరీక్ష దూరం కాదు, నిన్న నడిచిన కాళ్ళతో ఇవాళ మళ్ళీ నడవడం. దానికి మనకు మంచి వసతి ఉంది: శనివారం మధ్యాహ్నం ఎండ తగ్గాక నెల్లూరు నుంచి గొలగమూడికి నడవండి, సుమారు పదిహేను కిలోమీటర్లు. వెంకయ్యస్వామి దగ్గర శనివారం నిద్ర చేసేవాళ్ళు ఎటూ ఉంటారు, అన్నదానం ఉంటుంది, రాత్రి అక్కడే పడుకుని ఆదివారం తెల్లవారుజామున నడిచి తిరిగి రండి. జొన్నవాడ అమ్మవారి గుడికీ ఇలాగే పోయి రావచ్చు. యాత్రకు ముందు నెలన్నర రోజుల్లో ఇలా మూడు నాలుగు వారాలు చేస్తే మీ చెప్పులు ఎక్కడ కొరుకుతాయో, మీకు ఎన్ని నీళ్ళు కావాలో, మీ పక్కన నడిచేవాడి వాగుడు మీరు ఎంతసేపు భరించగలరో అన్నీ తేలిపోతాయి. చివరిది నవ్వులాటకు అనలేదు.

చెప్పులా, బూట్లా, ఉత్త కాళ్ళా?

మొక్కు ఉత్త కాళ్ళతో అని ఉంటే అది మీకూ స్వామికీ మధ్య విషయం. లేకపోతే మాత్రం, పక్కవాడు చెప్పుల్లేకుండా నడుస్తున్నాడని సిగ్గుపడి మీరూ విప్పేయకండి. మెట్ల దగ్గర అందరూ విప్పుతారు, అది చాలు.

బూట్లయితే కొత్తవి వద్దు, కనీసం నెల రోజులు తొడిగి తిరిగినవి కావాలి. మామూలు సైజు కంటే ఒక నంబరు పెద్దవి తీసుకోండి, రెండో రోజుకే పాదాలు వాస్తాయి. సాక్సు రెండు జతలు కాదు, నాలుగు జతలు. ఉత్త కాటన్ సాక్సు చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, లోపల పల్చటి నైలాన్ సాక్సు, దానిపైన మామూలుది వేసుకుంటే రాపిడి ఆ రెండు గుడ్డల మధ్యే పోతుంది, చర్మం మీదకి రాదు. ఎక్కడ కూర్చున్నా బూట్లు విప్పి, సాక్సు తిరగేసి దులపండి. ఇసుక రేణువంత ఉన్నా సరే, పది కిలోమీటర్లు నడిచేసరికి అది బొబ్బ చేస్తుంది. కాలిగోళ్ళు బయల్దేరే రోజు కాకుండా మూడు నాలుగు రోజుల ముందే కత్తిరించుకోండి. పట్టీల శాండల్స్ వేసుకుని హాయిగా నడిచేవాళ్ళూ ఉన్నారు. హవాయి చెప్పులు మాత్రం వద్దు, వేళ్ళ సందు తెగిపోతుంది.

ఉత్త కాళ్ళ వాళ్ళకు ఒక మాట. పొద్దున తొమ్మిది దాటాక నల్ల తారు మీద అడుగు పెట్టలేరు, రోడ్డు అంచున ఉండే తెల్ల గీత మీద వేడి తక్కువ, అనుభవం ఉన్న స్వాములందరూ ఆ గీత పట్టుకునే నడుస్తుంటారు. మట్టిలోకి దిగితే పల్లేరు కాయలు, కంప ముళ్ళు, సీసా పెంకులు. అన్నిటికంటే చెడ్డవి పేలిపోయిన లారీ టైరు ముక్కలు. వాటిలో వెంట్రుకంత సన్నటి ఇనప తీగలుంటాయి, గుచ్చుకుంటే పైకి కనపడదు, రాత్రికి కాలు వాస్తుంది. బయల్దేరేముందు ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో ఒకసారి చూసుకోండి.

బొబ్బలొస్తే ఏం చేయాలి?

రాకముందే పట్టుకోవాలి. అరికాల్లో ఒకచోట వేడిగా, మంటగా అనిపించిన వెంటనే ఆగి, తుడిచి, అక్కడ టేపు అంటించండి. "తర్వాతి టీ కొట్టు దాకా పోదాంలే" అన్నారో, ఆ కొట్టు వచ్చేసరికి బొబ్బ తయారు. చిన్న బొబ్బను గిల్లకుండా ప్లాస్టరేసి వదిలేయండి. నడవనివ్వనంత పెద్దదైతే కొత్త సిరంజి సూదిని స్పిరిట్‌తో తుడిచి, బొబ్బ అంచున కింది వైపు గుచ్చి, దూదితో మెల్లగా ఒత్తి నీరు తీయండి. పైతోలు మాత్రం పీకొద్దు, అదే దానికి కట్టు. సూదికి దారం ఎక్కించి బొబ్బలోంచి లాగి ఆ దారాన్ని అలాగే ఉంచే పద్ధతి మనవైపు ఉంది, అది వద్దు, ఆ దారం వెంట మురికి లోపలికి పోతుంది. చీము పట్టినా, ఎర్రదనం పాకుతున్నా, జ్వరమొచ్చినా అక్కడితో నడక ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

బొబ్బల గురించి అందరూ చెప్తారు, తొడలు ఒరుసుకుపోవడం గురించి మొహమాటపడి ఎవరూ చెప్పరు. కాస్త లావుగా ఉన్నవాళ్ళకు రెండో రోజు నరకం అదే. బయల్దేరేముందు వాజెలిన్ గానీ కొబ్బరినూనె గానీ బాగా పట్టించి, పంచె లోపల మోకాళ్ళ దాకా వచ్చే బిగుతు నిక్కరు వేసుకోండి.

ఏ నెల మంచిది?

నన్నడిగితే సంక్రాంతి వెళ్ళాక, ఫిబ్రవరి నెల సగమయ్యే లోపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల కాలం, ఎప్పుడు వాయుగుండం పడుతుందో తెలియదు. 2021 నవంబరు వరదలకు నెల్లూరు దగ్గర పెన్న పొంగి హైవేనే తెగింది, అదే వానలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, మళ్ళీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను. అయినా ధనుర్మాసంలోనే, వైకుంఠ ఏకాదశికే నడవాలని మొక్కుకుంటే నడవండి, కానీ తేదీల్లో రెండు రోజులు వెసులుబాటు ఉంచుకోండి. వేసవిలో ఎవరు పిలిచినా వెళ్ళకండి. మన నెల్లూరు ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పాలా?

రోజులో ఏ వేళల్లో నడవాలి? రోడ్డుకు ఏ పక్కన?

తెల్లవారుజామున నాలుగుకు లేచి కాఫీ తాగి బయల్దేరితే తొమ్మిదిన్నరకల్లా ఇరవై కిలోమీటర్లు అవుతాయి. మధ్యాహ్నమంతా నిద్ర. మళ్ళీ నాలుగున్నరకు లేచి చీకటిపడే దాకా మిగిలింది. రాత్రంతా నడిచి పగలు పడుకునే బృందాలున్నాయి, నాకు ఆ పద్ధతి నచ్చదు. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు మధ్య లారీ డ్రైవర్లకు కునుకు పట్టే వేళ. జనవరిలో దానికి మంచు తోడవుతుంది.

రోడ్డుకు కుడిపక్కన, ఎదురొచ్చే బండ్లు మీకు కనపడేలా నడవాలి. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎడమ పక్కనే పోతుంటారు. వెనక నుంచి వచ్చే లారీని మీరు చూడలేరు, డ్రైవరు మిమ్మల్ని చూశాడో లేదో మీకు తెలియదు. ఒకరి వెనక ఒకరు, గీతకు బయట. వెలుతురు తగిలితే మెరిసే జాకెట్లు ముందున్నవాడికి, వెనకున్నవాడికి తప్పనిసరి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు, గోవింద నామాలైనా సరే, సినిమా పాటలైనా సరే. హైవే మీద ఏదైనా జరిగితే 1033, అంబులెన్సుకు 108. ఇవి ఫోన్లో దాచుకోవడం కంటే జాకెట్ వెనక రాసిపెట్టడం మేలు.

గూడూరు నుంచి నాయుడుపేట వైపు పోకుండా వెంకటగిరి మీదుగా కాళహస్తికి పోవచ్చా?

పోవచ్చు, అటు లారీల రొద తక్కువ, చెట్టు నీడ ఎక్కువ. కానీ హైవే మీద దొరికినట్టు టీ కొట్లు, పెట్రోలు బంకులు దొరకవు. అనుభవమున్న బృందమైతే అటు, కొత్తవాళ్ళయితే నాయుడుపేట దారే. ఒకటి గుర్తుంచుకోండి: నడవలేక రైలెక్కాల్సి వస్తే వెంకటగిరి నుంచి తిరుపతికి రైలుంది, నాయుడుపేట స్టేషన్ మాత్రం మద్రాసు లైను మీద ఉంది, అక్కడి నుంచి తిరుపతికి బస్సే నయం.

రాత్రి ఎక్కడ పడుకోవాలి?

కల్యాణ మండపాలు, గుళ్ళు, ఊరి బడి వసారాలు. ముందుగా ఒకరు బండి మీద వెళ్ళి అడిగి ఖాయం చేసుకోవాలి, చీకటిపడ్డాక ఇరవైమంది వచ్చి "అమ్మా, పడుకోవడానికి చోటుందా" అంటే ఎవరైనా భయపడతారు. పెళ్ళి ముహూర్తాలున్న రోజుల్లో మండపం దొరకదు, బయల్దేరే తేదీ పెట్టుకునేటప్పుడు పంచాంగం అందుకూ చూడండి. పొద్దున వెళ్ళేముందు ఊడ్చి వెళ్ళండి. మనం ఆకులు, కప్పులు వదిలేసి పోతే మన వెనక వచ్చే బృందానికి చోటివ్వరు.

తిండి, నీళ్ళు?

దారిలో పెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇంటి ముందు బిందె పెట్టుకుని మజ్జిగ పోస్తూ "యాడ్నించి వస్తుండారు సామీ?" అని పలకరించే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు, మనుబోలు దాటాక ఒకామె అయితే మేం వద్దన్నా వినకుండా సీసాల్లో కూడా నింపి పంపింది. అలాగని దానినే నమ్ముకుని బయల్దేరకూడదు. పొద్దున నడకకు ముందు ఇడ్లీ రెండు చాలు, అసలు టిఫిన్ పది కిలోమీటర్లయ్యాక. మధ్యాహ్నం పెరుగన్నం. పులిహోర చేసుకుని పోతారు, బాగుంటుంది గానీ ఎండలో సాయంత్రం దాకా డబ్బాలో ఉంచి తినకండి. విరేచనాలు పట్టుకుంటే గోవిందా గోవిందే.

ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్ళలో కలపాలి. అరలీటరు సీసాలో మొత్తం పోసేసి తాగితే దాహం పెరుగుతుంది తప్ప తీరదు. ఒంటేలు ముదురు పసుపు రంగులో వస్తోందంటే నీళ్ళు చాలడం లేదని అర్థం.

షుగరు, బీపీ ఉన్నాయి. నడవొచ్చా?

మీ డాక్టరు సరేనంటేనే. షుగరు మాత్రో ఇన్సులినో వేసుకుని, ఉపవాసమని తినకుండా నడిస్తే షుగరు పడిపోతుంది. ఒళ్ళంతా చెమటలు, వణుకు, మాట తడబడటం మొదలైతే వెంటనే ఏదైనా తీపి నోట్లో వేసుకుని కూర్చోవాలి. జేబులో గ్లూకోజు ఉండాలి, అది ఏ జేబులో ఉందో పక్కవాడికీ తెలియాలి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు ఉత్త కాళ్ళతో అసలు నడవొద్దు, గాయమైనా తెలియదు. రోజూ రాత్రి అరికాళ్ళు ఎవరిచేతైనా టార్చి వేయించి చూపించుకోండి. ఒళ్ళునొప్పుల మాత్రలు ఖాళీ కడుపున, నీళ్ళు సరిగా తాగకుండా రోజుకు మూడు నాలుగు మింగేవాళ్ళున్నారు, అది కిడ్నీల మీద పడుతుంది. గుండెల్లో బరువుగా అనిపిస్తే అది గ్యాసో కాదో రోడ్డు మీద తేల్చుకోకండి, 108కి ఫోన్ చేయండి.

ఆడవాళ్ళు నడుస్తారా? బాత్రూముల సంగతేంటి?

చాలామంది నడుస్తారు, కొన్ని బృందాల్లో వాళ్ళే ఎక్కువ. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు ఉచితంగా ఉండాలని నిబంధన, మొహమాటపడకుండా అడగండి, తాళం వేసుంటే తీయమనండి. ఎక్కడెక్కడ బంకులున్నాయో ముందు రోజే రాసిపెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. దొరకదేమోనని నీళ్ళు తాగకుండా నడవడం మాత్రం ఘోరమైన పని, వడదెబ్బకూ యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కూ దారి అదే.

నెలసరి దారిలో వస్తే? రోడ్డు మీద నడవడానికి ఏ అడ్డూ లేదు. గుడిలోకి వెళ్ళే విషయం మీ ఇంటి పద్ధతి, మీ ఇష్టం. బృందంలో పెద్దలు ఏమంటారో బయల్దేరకముందే అడిగి తేల్చుకుంటే దారిలో గొడవుండదు. వాయిదా మాత్రలు డాక్టరును అడక్కుండా స్నేహితురాలు చెప్పిందని వేసుకోవద్దు.

మాల వేసుకుని తీరాలా?

అక్కర్లేదు.

దారిలో కాళహస్తి వస్తుంది కదా, దర్శనం చేసుకుని తిరుమలకు పోవచ్చా?

అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. కాళహస్తి చూశాక ఇంకో గుడికి వెళ్ళకూడదు, నేరుగా ఇంటికే పోవాలి అనే నమ్మకం మనవైపు గట్టిగా ఉంది. అందుకని మా బృందంలో ఎక్కువమంది లోపలికి వెళ్ళరు. స్వర్ణముఖి ఒడ్డు దాకా వచ్చి, 2010లో కూలిపోయినచోట మళ్ళీ కట్టిన గాలిగోపురానికి దూరం నుంచే దండం పెట్టుకుని సాగిపోతారు, తిరుగు ప్రయాణంలో దర్శనం చేసుకుని ఇంటికి పోతారు. పట్టింపు లేనివాళ్ళు పోతూనే చూసుకుంటారు. ఇద్దరినీ వాదనలోకి దించకండి, నాలుగో రోజు సాయంత్రానికి అందరి ఓపికా అంతంతమాత్రంగా ఉంటుంది.

బండి వెంట పెట్టుకోవాలా?

పదిమంది దాటితే ఒక ట్రాలీ ఆటో ఉండటం మంచిది. పరుపులు, వంట సామాను, నీళ్ళ క్యాన్లు, కాలు బెణికినవాడు అందులో వస్తారు. కానీ అది పక్కనే మెల్లగా వస్తుంటే ఎక్కి కూర్చోవాలనిపిస్తుంది, పైగా హైవే మీద ప్రమాదం. అయిదు కిలోమీటర్లు ముందు పోయి ఆగి ఉండమనండి. బండి లేకపోతే మీ వీపు మీద బరువు అయిదు కిలోలు మించకూడదు: రెండు జతల బట్టలు, దుప్పటి, తువ్వాలు, టార్చి, మందులు, ఆధార్ కార్డు. అంతే.

మధ్యలో ఆపేస్తే మొక్కు తీరనట్టేనా?

మా పెద్దలు చెప్పేది, ఎక్కడ ఆగావో అక్కడి నుంచి బస్సెక్కి అలిపిరికి వచ్చి మెట్లు ఎక్కు, చాలు అని. మెట్లు కూడా ఎక్కలేకపోతే కొండపైకి బస్సులో వచ్చి దర్శనం చేసుకోండి. కాలు కుళ్ళబెట్టుకుని రమ్మని స్వామి ఎవరినీ అడగలేదు.

అలిపిరా, శ్రీవారి మెట్టా?

శ్రీవారి మెట్టులో 2,388 మెట్లు, అలిపిరిలో 3,550. అంకెలు చూసి శ్రీవారి మెట్టు అనుకుంటారు, కానీ అది శ్రీనివాసమంగాపురం వైపు, మన దారిలో వచ్చేవాళ్ళు తిరుపతి దాటి ఇంకా పోవాలి. రేణిగుంట నుంచి వచ్చేవాళ్ళకు అలిపిరే దగ్గర. గాలిగోపురం దాకా రెండు వేల పైచిలుకు మెట్లు నిటారుగా ఉంటాయి, తర్వాత చాలా దూరం చదును, చివర్లో మోకాళ్ళ పర్వతం. మామూలు వాళ్ళకు ఇబ్బంది ఎక్కడం మొదలుపెట్టినప్పుడు, మనకు మాత్రం మోకాళ్ళ పర్వతం దగ్గర. సామాను అలిపిరిలో ఇస్తే దేవస్థానం వాళ్ళే కొండపైకి చేరుస్తారు.

2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత దాడిలో ఒక చిన్నపాప చనిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం 2 దాటాక 15 ఏళ్ళలోపు పిల్లలను దారిలోకి రానివ్వకూడదని అప్పట్లో నిబంధన పెట్టారు. వేళలూ, నడిచివచ్చేవాళ్ళ టోకెన్ల పద్ధతీ తరచూ మారుతుంటాయి, బయల్దేరే ముందు రోజు దేవస్థానం వెబ్‌సైట్లో చూసుకోండి, పోయినేడు వెళ్ళొచ్చినవాడి మాట నమ్మొద్దు. పిల్లలుంటే పొద్దున్నే ఎక్కేయండి, చేయి వదలకండి.

మాది ఒంగోలు. అక్కడి నుంచి నడవొచ్చా?

ఒంగోలు నుంచి నెల్లూరుకే దాదాపు 120 కిలోమీటర్లు, మొత్తం రెట్టింపు యాత్ర. మొదటిసారే అంత వద్దు. వాలేటివారిపాలెం దగ్గర మాలకొండకు శనివారం నడవండి, ఆ గుడి తెరిచేదే శనివారం, అది బాగా అయితే మరుసటి ఏడాది తిరుమల చూద్దాం.

మార్కాపురం నుంచి శ్రీశైలం నడక ఎలా ఉంటుంది?

అది వేరే లోకం. దోర్నాల దాకా మామూలు రోడ్డే, అక్కడి నుంచి శ్రీశైలానికి సుమారు 50 కిలోమీటర్లు నల్లమల, పెద్దపులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ ఘాట్‌లో వాహనాలనే వదలరు, మీరు రాత్రి నడుస్తానంటే కుదరదు. శివరాత్రికి శివస్వాములు గుంపులుగా నడిచే రోజుల్లోనే వాళ్ళతో కలిసి నడవండి, దారిలో నీళ్ళు, అన్నదానాలు దొరికేది అప్పుడే. ప్లాస్టిక్ వెంట తీసుకుపోవద్దు, స్టీలు సీసా ఒకటి చాలు. కోతులకు ఏమీ పెట్టకండి. శిఖరేశ్వరం దగ్గర అందరూ ఆగి శిఖరం చూస్తారు, అక్కడి నుంచి దిగుడే కాబట్టి పరిగెత్తబుద్ధవుతుంది, మోకాళ్ళు పోయేది దిగేటప్పుడే.

తిరుగు ప్రయాణం?

దర్శనమైన రోజే సొంత కారు నడుపుకుంటూ నెల్లూరుకు వచ్చేయాలనుకోకండి. ఆరు రోజుల నిద్ర బాకీ ఉంటుంది, స్టీరింగు ముందు కూర్చున్న పది నిమిషాలకే కళ్ళు మూతపడతాయి. బస్సులోనో రైల్లోనో రండి. బూట్లు మళ్ళీ కాలికి పట్టవు, వదులు చెప్పులు ఒక జత అలిపిరిలో ఇచ్చే సామానులో పెట్టుకోండి. ఇంటికొచ్చాక రెండు రోజులు గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకోండి, అయితే షుగరున్నవాళ్ళు, బొబ్బలు చిట్లినవాళ్ళు ఆ పని చేయొద్దు, సబ్బుతో కడిగి తడి లేకుండా తుడుచుకుంటే చాలు. నాలుగైదు రోజులకు కూడా పిక్కల్లో ఒక్క కాలికే వాపు, నొప్పి ఉంటే అలసటే అనుకోకుండా డాక్టరుకు చూపించండి.